టీవీ, ఫోను, పేపరు ఇంట్లో అందరికీ అందాలంటే: వినికిడి, చూపు తగ్గినవారి కోసం 20 చిట్కాలు

టీవీ ముందు కూర్చున్న అందరూ ఒక్కసారి గొల్లున నవ్వుతారు. చెవులు సరిగా వినపడని తాతయ్య "ఏమన్నాడే?" అని అడిగితే, "ఏం లేదులే తాతయ్యా" అంటుంది మనవరాలు. చూపు ఆనని అత్తయ్యగారికి పొద్దుటి పేపరు సంగతులు ఏ సాయంత్రమో, ఎవరికో తీరిక దొరికినప్పుడు, నాలుగు ముక్కల్లో తెలుస్తాయి. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కానీ ఇలా రోజులు గడిచేకొద్దీ ఆ మనిషి అడగడం మానేస్తారు. తర్వాత ఆ గదిలోకి రావడమే మానేస్తారు.

వార్త అయినా వినోదమైనా మనం వడగట్టి చెప్పినంతే వాళ్ళకు దక్కితే చాలదు. అందరితోపాటు, అదే సమయానికి, వాళ్ళంతట వాళ్ళకే అందాలి. ఇందుకు కావలసినవి చాలావరకు మన టీవీలో, ఫోన్లో ముందునుంచే ఉన్నాయి. వాటిని ఆన్ చేసి ఓపిగ్గా అలవాటు చేయడమే మన పని.

మొదట చేయాల్సింది

1. ముందు డాక్టరుకు చూపించండి.
"వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకోవద్దు. గులిమి గట్టిపడి చెవికి అడ్డుపడినా, కంట్లో శుక్లాలు వచ్చినా చికిత్సతో బాగవుతాయి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా, ఒక కంటికి తెర దిగినట్టున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చికిత్సకు లొంగని లోపం ఉన్నా దారులు మూసుకుపోయినట్టు కాదు. ఉన్న చూపును ఎలా వాడుకోవాలో నేర్పే లో విజన్ సేవలు హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉన్నాయి. వినికిడి పరీక్షలకు, చెవి మిషన్ విషయంలో సలహాకు సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

వినికిడి తగ్గినవారికి

2. సౌండు పెంచేకంటే మాటను తేటపరచండి.
వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. స, ష, చ, త, క లాంటి హల్లులను వేరుచేసి గుర్తుపట్టేది ఎక్కువగా ఆ శబ్దాలతోనే. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. 'పప్పు' అన్నా 'కప్పు' అన్నా వాళ్ళ చెవికి ఒకేలా తోస్తుంది. సౌండు పెంచితే వెనకున్న సంగీతం కూడా పెరిగి చెవులు హోరెత్తుతాయి, మాట మాత్రం తేటపడదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'క్లియర్ వాయిస్', 'స్పీచ్', 'డైలాగ్', 'న్యూస్' ఇలా ఏదో ఒక పేరుతో మాటను పైకి తెచ్చే మోడ్ ఉంటుంది, అది పెట్టండి. బేస్ తగ్గించి, ట్రెబుల్ కాస్త పెంచి చూడండి. పలచటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో ఉంటాయి కాబట్టి, మనిషి వైపు తిరిగి మోగే చిన్న సౌండ్‌బార్ పెట్టినా చాలా తేడా తెలుస్తుంది.

3. గదిలో చప్పుడు తగ్గించండి.
సీలింగ్ ఫ్యాను, కూలర్, వంటింట్లో మిక్సీ, వీధిలో హారన్లు అన్నీ మాటను మింగేస్తాయి. చెవి మిషన్ పెట్టుకున్నవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది మాటతోపాటు చప్పుడునూ పెంచుతుంది. వార్తల వేళకు మిక్సీ వేయకండి. కూలర్‌ను టీవీకి దూరంగా జరపండి. నాపరాళ్ళు, టైల్స్ పరిచిన ఖాళీ హాల్లో మాట మార్మోగుతుంది, మందపాటి కర్టెన్లు, కింద ఒక జంపఖానా వేస్తే తగ్గుతుంది. వాళ్ళ కుర్చీని టీవీకి దగ్గరగా, బాగా వినపడే చెవి అటువైపు ఉండేలా వేయండి.

4. ఒకే టీవీకి రెండు వాల్యూములు ఏర్పాటు చేయండి.
నాన్నగారికి సరిపోయే సౌండు పిల్లలకు ఎక్కువ, పిల్లలకు సరిపోయేది నాన్నగారికి చాలదు. చాలా ఇళ్ళలో గొడవ ఇక్కడే. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఇస్తే ఎవరి సౌండు వాళ్ళది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలపగానే కొన్ని టీవీల్లో స్పీకర్ ఆగిపోతుంది. రెండూ ఒకేసారి మోగుతాయో లేదో కొనేముందే అడగండి. మోగకపోతే టీవీ ఆడియో అవుట్‌కు కలిపే ట్రాన్స్‌మిటర్‌తో వచ్చే హెడ్‌ఫోన్లు చూడండి. చెవి మిషన్‌లో బ్లూటూత్ ఉంటే టీవీ మాట నేరుగా అందులోకే పంపే పరికరాలు ఉన్నాయి, మిషన్ ఇచ్చిన ఆడియాలజిస్టును అడగండి. ఒక చెవే పనిచేసేవారికి ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో 'మోనో ఆడియో' ఆన్ చేయండి. రెండువైపులకు పంచి వచ్చే శబ్దమంతా ఒకే చెవికి అందుతుంది.

5. సబ్‌టైటిల్స్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.
ఓటీటీల్లో కింద మాటలు పడే సదుపాయం రెండు రకాలు. మామూలు సబ్‌టైటిల్స్‌లో సంభాషణలే ఉంటాయి. 'సీసీ' అని రాసి ఉన్నవాటిలో తలుపు చప్పుడు, ఫోను మోగడం, ఎవరు మాట్లాడుతున్నారన్నది కూడా పడుతుంది. వినపడనివారికి సీసీ ఎంచుకోండి. అక్షరాల సైజు పెంచి, వెనక నల్లటి పట్టీ పెట్టండి. చాలా తెలుగు సినిమాలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే దొరుకుతాయి. ఇంగ్లిష్ రాని అమ్మమ్మకు అవి ఉన్నా లేనట్టే. తెలుగులో కావాలని ఆ యాప్‌లోని ఫీడ్‌బ్యాక్‌లో రాయండి. తెర కింద అక్షరాలు పడితే చూడబుద్ధి కావట్లేదని ఇంట్లో ఎవరైనా అంటే, వారం ఓపిక పట్టమనండి. కళ్ళు అలవాటు పడతాయి.

6. ఫోన్‌తో మాటను అక్షరంగా మార్చండి.
గూగుల్ వారి 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం. భాషల్లో తెలుగు ఎంచుకుని, ఫోన్‌ను మాట్లాడే మనిషి దగ్గర పెడితే మాటలు తెర మీద పెద్ద అక్షరాల్లో పడుతూ ఉంటాయి. టీవీ వార్తలకు స్పీకర్ దగ్గర పెట్టినా పనిచేస్తుంది. పేర్లు, ఊళ్ళు ఒక్కోసారి తప్పుగా పడతాయని ముందే చెప్పండి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే అంతా కలగాపులగం అవుతుంది. చుట్టాలొచ్చినప్పుడు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే పెద్దాయన కూడా కబుర్లలో కలుస్తారు. యూట్యూబ్ ప్రవచనాలు, ఇంటర్వ్యూలకు ప్లేబ్యాక్ వేగం 0.75కి తగ్గిస్తే మాట నిదానంగా, తెలిసేలా వస్తుంది.

7. పుట్టుకతో వినపడని పిల్లలకు సైగల భాష అందించండి.
చిన్నప్పటినుంచీ మాట వినని పిల్లలకు తెలుగు చదవడం అంత తేలిగ్గా పట్టుబడదు. వాళ్ళకు సబ్‌టైటిల్స్ ఒక్కటే సరిపోవు. భారతీయ సంజ్ఞా భాష తనదైన వ్యాకరణం ఉన్న పూర్తి భాష. 2015లో ఢిల్లీలో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పదాల వీడియో నిఘంటువును, పాఠాలను యూట్యూబ్‌లో ఉంచింది. దూరదర్శన్‌లో సంజ్ఞా భాషలో వార్తలు వస్తాయి. వాటిని పిల్లలతో కలిసి అమ్మానాన్నలు, అక్కాతమ్ముళ్ళు కూడా చూసి నేర్చుకోవాలి. కార్టూన్ చూస్తూ పాప ఏదైనా అడిగితే జవాబు ఆ భాషలోనే ఇవ్వగలగాలి.

చూపు తగ్గినవారికి

8. టీవీకి దగ్గరగా కూర్చోనివ్వండి.
"అంత దగ్గర కూర్చుంటే కళ్ళు పోతాయి" అని పెద్దవాళ్ళను వెనక్కి పంపకండి. దగ్గర కూర్చున్నంత మాత్రాన కంటికి హాని లేదు. దూరం సగమైతే బొమ్మ రెండింతలు పెద్దగా కనిపిస్తుంది. అయితే అందరి చూపూ ఒకేలా తగ్గదు. కంటి మధ్యభాగం దెబ్బతిన్నవారికి ఎదుటి మనిషి ముఖం మసకగా, పక్కలు బాగా కనిపిస్తాయి. వాళ్ళు టీవీని ఓరగా చూస్తుంటే సరిగా కూర్చోమని సవరించకండి, ఉన్న చూపును అలా వాడుకుంటున్నారు. నీటికాసుల వల్ల పక్కచూపు పోయినవారికి మరీ పెద్ద తెర, మరీ దగ్గర పనికిరాదు, కాస్త దూరమే నయం. ఎక్కడ బాగుందో వాళ్ళనే చెప్పమనండి.

9. వెలుతురు కాగితం మీద పడాలి, కళ్ళలో కాదు.
పేపరు చదివే కుర్చీని కిటికీకి ఎదురుగా వేయకండి. వెలుగు భుజం మీదుగా, పక్కనుంచి పేజీ మీద పడాలి. సాయంత్రాలు వంగే మెడ ఉన్న టేబుల్ ల్యాంపు పెట్టండి. శుక్లాలున్నవారికి ఎదురు వెలుగు పడితే ఉన్న చూపు కూడా చెదిరిపోతుంది. టీవీ తెర మీద కిటికీ నీడ పడకుండా కర్టెన్ వేయండి. ద, ధ మధ్య, ప, ఫ మధ్య తేడా చిన్న గీత మాత్రమే. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో వత్తు కింద వత్తు ఇరుక్కుంటుంది. అందుకని తెలుగు చదవడానికి మంచి వెలుతురు, మంచి భూతద్దం తప్పనిసరి. లైటున్న భూతద్దమైతే ఇంకా మేలు.

10. ఫోన్లో అక్షరాన్ని, నలుపు తెలుపుల తేడాను పెంచండి.
డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'ఫాంట్ సైజ్', 'డిస్‌ప్లే సైజ్' రెండూ పెంచండి. ఒకటి అక్షరాలను, రెండోది గుర్తులను, బటన్లను కూడా పెద్దవి చేస్తుంది. తెల్లటి తెర కళ్ళలో గుచ్చుతుందంటే డార్క్ మోడ్ పెట్టండి. 'మాగ్నిఫికేషన్' ఆన్ చేస్తే తెరలో ఏ భాగాన్నైనా పెద్దది చేసి చూడొచ్చు. తెర వెనక బొమ్మ కూడా చూడండి. మనవడి ఫొటో ముద్దొచ్చినా దానిమీద గుర్తులు కలిసిపోతాయి. ఒకే ముదురు రంగు పెట్టి, రోజూ వాడే నాలుగైదు యాప్‌లే మొదటి పేజీలో ఉంచండి.

11. ఫోన్‌తో చదివించుకోవడం నేర్పండి.
కొంత చూపున్నవారికి ఆండ్రాయిడ్‌లో 'సెలెక్ట్ టు స్పీక్' చాలు, తెర మీద తాకిన భాగాన్ని చదివి వినిపిస్తుంది. చూపు బొత్తిగా లేనివారికి 'టాక్‌బ్యాక్' కావాలి. ఐఫోన్‌లో దాని పేరు 'వాయిస్ ఓవర్'. ఇది ఆన్ అయితే ఫోన్ వాడే తీరు మారుతుంది. ఒకసారి తాకితే అక్కడున్నది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది, పేజీ జరపాలంటే టాక్‌బ్యాక్‌లో రెండు వేళ్ళు, వాయిస్ ఓవర్‌లో మూడు వేళ్ళు వాడాలి. ముందు మీరు కళ్ళు మూసుకుని సాధన చేసి, ఆ తర్వాత వాళ్ళకు నేర్పండి. గూగుల్ టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు గొంతు ఉంది, వేగం మొదట బాగా తగ్గించండి. కంప్యూటర్ వాడేవారికి ఎన్‌వీడీఏ ఉచితం. తెర మీదున్నది చదివి వినిపించే ఈ స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కర్రన్ 2006లో మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు, ఇద్దరూ అంధులే. టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ రెండూ బ్రెయిలీ డిస్‌ప్లేతోనూ పనిచేస్తాయి కాబట్టి చూపు, వినికిడి రెండూ లేనివారు కూడా వేళ్ళతో చదువుకోవచ్చు.

12. రిమోట్‌ను వేళ్ళతో గుర్తుపట్టేలా చేయండి.
చాలా రిమోట్లలో 5 అంకె మీద చిన్న పొక్కు ఉంటుంది. దాని ఆధారంగా మిగతా అంకెలు ఎక్కడున్నాయో చూపించండి. పవర్, వాల్యూమ్ బటన్ల మీద ఎం-సీల్ చుక్క పెట్టి ఆరనివ్వండి. కాస్త చూపున్నవారికి ముదురు రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. టీవీ రిమోట్, సెట్‌టాప్ బాక్స్ రిమోట్ కలిసిపోకుండా ఒకదానికి రబ్బరు బ్యాండు చుట్టండి. రిమోట్‌లో మైకు గుర్తు ఉంటే ఆ బటన్ నొక్కి పాట పేరో సినిమా పేరో చెప్పడం అలవాటు చేయండి. ఇష్టమైన ఛానెళ్ళ నంబర్లు పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి పక్కన పెట్టండి.

13. సినిమాను మాటల్లో చూపించండి.
సంభాషణల మధ్య ఖాళీలో తెర మీద జరిగేది వర్ణించి చెప్పడాన్ని ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. కొన్ని ఓటీటీల్లో ఆడియో భాషల పట్టికలో ఇది విడిగా కనిపిస్తుంది. తెలుగులో ఇది అరుదు కాబట్టి ఇంట్లో ఒకరు ఆ పని చేయాలి. ఒక్కరే చెప్పాలి, నటులు మాట్లాడనప్పుడే చెప్పాలి, కనిపించేదే చెప్పాలి. "అయ్యో, పాపం, ఎంత బాధపడుతోందో" అంటే వినేవారికి ఏమీ కనిపించదు. "రాత్రి. రైల్వే ప్లాట్‌ఫాం. ఎర్రచీర ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనకనుంచి తమ్ముడొస్తున్నాడు. ఆమె ఇంకా చూడలేదు" అంటే మొత్తం కళ్ళకు కడుతుంది. ఎలా అనిపించాలన్నది వాళ్ళే తేల్చుకుంటారు. సీరియళ్ళలో చూపులూ సంగీతమూ తప్ప మాటలుండని నిమిషాలు చాలా వస్తాయి. మీ వర్ణన అక్కడ బాగా పనికొస్తుంది. క్రికెట్‌కైతే రేడియో వ్యాఖ్యానం పెట్టండి. బంతి ఎటు వెళ్ళిందో, ఎవరు పరిగెత్తారో మాటల్లో చెప్పేది అదే.

14. చెవికి పుస్తకాలు అందించండి.
చూపు తగ్గాక చాలామంది బాధపడేది చదువు ఆగిపోయినందుకే. ఆకాశవాణి కార్యక్రమాలు 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో ఎక్కడినుంచైనా వినొచ్చు. 'దాసుభాషితం' తెలుగు ఆడియో పుస్తకాల యాప్. యూట్యూబ్‌లో కిరణ్ ప్రభ ప్రసంగాలు, 'హర్షణీయం' పాడ్‌కాస్ట్‌లో తెలుగు కథలు ఉన్నాయి. ముద్రిత పుస్తకాలు చదవలేనివారి కోసం 2016 ఆగస్టులో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం భారతీయ భాషల పుస్తకాలను వారికి అనువైన రూపంలో ఇస్తుంది. 2012 కాపీరైట్ చట్ట సవరణ ఇలాంటి ప్రతులు తయారుచేయడానికి దారి తెరిచింది. ఇలాంటి ప్రతుల కోసమే 2013లో కుదిరిన అంతర్జాతీయ మరాకేశ్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

మనం పంపేవి, తయారుచేసేవి

15. వాట్సాప్‌లో బొమ్మ పంపితే కింద నాలుగు మాటలు టైపు చేయండి.
శుభలేఖను ఫొటోగా పంపితే టాక్‌బ్యాక్ వాడే పెద్దమ్మకు "ఫొటో" అన్న మాటే వినిపిస్తుంది. ఎవరి పెళ్ళో, ముహూర్తం ఎప్పుడో, కల్యాణ మండపం ఎక్కడో తెలియదు. బొమ్మ కింద "మన శ్రీను కూతురి పెళ్ళి, ముహూర్తం ఆదివారం ఉదయం, మండపం మార్కెట్ యార్డు ఎదురుగా" అని టైపు చేస్తే చాలు. కుటుంబ ఫొటోలకూ ఇంతే, ఎవరెవరున్నారో, ఏం చేస్తున్నారో ఒక వాక్యం రాయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో దీనికోసమే 'ఆల్ట్ టెక్స్ట్' ఉంది. వినపడనివారున్న గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే దాని సారం కింద రాయండి. తెలుగు టైపింగ్ కష్టమనిపిస్తే కీబోర్డు మీద మైకు నొక్కి చెప్పండి, అదే టైపు చేస్తుంది.

16. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయించండి.
డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. కాగితం మీద అచ్చు చక్కగా వస్తుంది. ఆ ఫైలునే స్క్రీన్ రీడర్‌కు ఇస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు చదువుతుంది. అపార్ట్‌మెంట్ నోటీసైనా, సంఘం కరపత్రమైనా, స్కూలు సర్క్యులరైనా యూనికోడ్‌లో చేయమని ముందే అడగండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా ఉత్త బొమ్మే, అసలు ఫైలు పంపాలి. చాలా ఈ-పేపర్ల పేజీలు బొమ్మలుగానే ఉంటాయి కాబట్టి చూపులేనివారికి అదే పత్రిక వెబ్‌సైట్‌లోని వార్త లింకు పంపండి.

17. మీరు తీసే వీడియోలకు మాటలు రాయండి.
వంటల ఛానెల్ అయినా, పెళ్ళి రీల్ అయినా, గుడి ప్రకటన అయినా సరే. ఒకసారికి రెండు వరసలకు మించకుండా, చదివే వ్యవధి ఇస్తూ, నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు పెట్టండి. రీల్స్‌లో అట్టడుగున పెడితే ఖాతా పేరు, బటన్లు కమ్మేస్తాయి, కాస్త పైకి జరపండి. యూట్యూబ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్‌ను మీరే రాసి చేర్చవచ్చు. చూపులేనివారి కోసం చేతులతో చేసేది నోటితో చెప్పండి. "ఇది ఇంత వేసుకోండి" అనకుండా "చింతపండు నిమ్మకాయంత తీసుకోండి, ఉల్లిపాయ అంచులు ఎర్రబడేదాకా వేయించండి" అనండి. "స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి" అన్న ప్రకటన చూపులేనివారికి పనికిరాదు, నంబరు చదవండి.

18. తుఫాను, వరద హెచ్చరిక ఇద్దరికీ చేరేలా చూడండి.
తీరప్రాంతాల్లో ఆటోకు మైకు కట్టి చాటింపు వేస్తారు. వినపడనివారికి అది చేరదు. టీవీలో కింద పరిగెత్తే స్క్రోలింగ్ చూపులేనివారికి చేరదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' యాప్ ఇద్దరి ఫోన్లలోనూ వేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో అత్యవసర హెచ్చరికలు, వాటి వైబ్రేషన్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. వినపడనివారు రాత్రి ఫోన్‌ను దిండు కింద కాకుండా, వణుకు తెలిసేలా చేతికి తగిలే చోట, గాలి ఆడేలా ఉంచుకోవాలి. పక్కింటివారితో ముందే మాట్లాడుకోండి. ఎవరు వచ్చి భుజం తట్టి చెప్పాలో, ఎవరు చేయిపట్టి తీసుకెళ్ళాలో వాన మొదలుకాకముందే తేలాలి.

19. హక్కుగా అడగండి.
దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 42వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో దృశ్య వర్ణన, సంజ్ఞా భాష, క్యాప్షన్లు అందేలా ప్రభుత్వాలు చూడాలి. 2019లో టీవీ కార్యక్రమాలకు, 2024 మార్చిలో సినిమా హాళ్ళ ప్రదర్శనలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రమాణాలు ఇచ్చింది. 2023 జనవరిలో 'పఠాన్' ఓటీటీ విడుదలకు సబ్‌టైటిల్స్, క్లోజ్డ్ క్యాప్షన్లు, దృశ్య వర్ణన చేర్చమని ఢిల్లీ హైకోర్టు నిర్మాతలకు చెప్పింది. చట్టం కాగితం మీదినుంచి మన హాల్లోకి రావాలంటే ప్రేక్షకులు అడగాలి. నచ్చిన ఛానెల్‌కు, ఓటీటీకి, ఊళ్ళోని థియేటర్‌కు రెండు వాక్యాలు రాయండి. అర్హత ఉంటే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ తీయించండి. చెవి మిషన్ లాంటి ఉపకరణాలు ఇచ్చే ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తాయి.

20. ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళనే అడగండి.
ఇవన్నీ ఒకేసారి పెడితే ఫోన్ పక్కన పడేస్తారు. "మీకు ముందు ఏది కావాలి? వార్తలా, సీరియలా, క్రికెట్టా, మనవరాలి వీడియో కాలా?" అని అడిగి, ఆ ఒక్కటి సరిచేయండి. అది చేతికొచ్చాక రెండోది. పదిసార్లు అడిగినా పదోసారి కూడా మొదటిసారిలాగే చెప్పండి. ఫోన్ లాక్కుని మీరే చేసేయకండి, వాళ్ళ వేలితోనే నొక్కించండి. ఇక "ఏమన్నాడు?" అని ఎవరైనా అడిగితే "ఏం లేదులే" అన్న జవాబు ఇంట్లో ఎవరి నోటా రాకూడదన్న నియమం పెట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఈ పూటనుంచే అమలు చేయొచ్చు.